మత్తు మిగిలింది, నొప్పి జారిపోయింది

మతాన్ని మత్తుమందుతో పోల్చే మాట మన సభల్లో, గోడల మీద నలిగి నలిగి, అసలెందుకు పుట్టిందో మరుగున పడింది. పూజారి మోసగించాడు, జనం మోసపోయారు, ఎర్రజెండా వచ్చి కళ్లు తెరిపించింది: సాధారణంగా వినిపించే కథ ఇదే. పాలమూరు సీమలోని పాన్‌గల్ కోట కింది ఊళ్ల నుంచి చూస్తే అది పొసగదు.

తెలుగునాట మతాన్ని ప్రశ్నించిన తొలి ఘట్టాలు తెలిసినవే. వేమన రాతిపూజను నిలదీశాడు. త్రిపురనేని రామస్వామి చౌదరి సూతపురాణంతో పురాణాలను బోనెక్కించాడు. గోరా 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, 1947లో విజయవాడకు మార్చాడు.

చిక్కంతా అనువాదంలో ఉంది. 1844లో మార్క్స్ చెప్పింది నల్లమందు గురించి. ఆనాటి ఐరోపాలో అది మందుల కొట్లో దొరికే నొప్పి మందు. మన దగ్గరా నొప్పులకూ, విరేచనాలకూ వాడినదే. ఆ పోలికకు ముందు ఆయన మాట్లాడింది బాధపడేవాడి మూలుగు గురించి. 1905లో లెనిన్ మతాన్ని నాటుసారాతో పోల్చాడు. తెలుగులో మందంటే వైద్యుడిచ్చేదీ, సారా దుకాణంలో పోసేదీ కూడా. ముందు ‘మత్తు’ చేరేసరికి ఆ రెండోదే మిగిలింది, నొప్పి జారిపోయింది. మార్క్స్ మతాన్ని మెచ్చుకున్నాడని నేననను. అది ఉత్తుత్తి ఉపశమనమేనన్నాడు. కానీ ఆయన గురి పుండు మీద, మందు మింగినవాడి మీద కాదు.

1940ల కమ్యూనిస్టు ఉద్యమాన్నే చూడండి. 1943లో మొదలైన ప్రజానాట్యమండలి ఊరూరా తిప్పింది బుర్రకథను. దాని మూలం శివభక్తులైన జంగాలు చెప్పే జంగం కథ. తెలంగాణలో సుద్దాల హనుమంతు గొల్లసుద్దులను పోరాటానికి మళ్లించాడు. ఇదంతా ఎత్తుగడే అంటారు కొందరు. కొంత నిజమే. అయితే జనం గుండె ఆ బాణీకే కదులుతుందని తెలిసినవాళ్లు, ఆ బాణీని పెంచిన భక్తిని వట్టి మైకంగా చూసి ఉండరు. పుస్తకాల్లోని సిద్ధాంతం కంటే ఊళ్లలోని ఆచరణే తెలివైనది.

ఈ సీమవాడే, 1952లో వనపర్తి నుంచి శాసనసభకు ఎన్నికైన సురవరం ప్రతాపరెడ్డిని ఈ చర్చలోకి ఎవరూ తేకపోవడం నాకు బాధ. 1949 నాటి ఆంధ్రుల సాంఘిక చరిత్రలో ఆయన మొక్కులనూ, జాతరలనూ జనం తిండి, బట్ట, ఆటపాటల పక్కనే పెట్టి చూశాడు. హిందువుల పండుగల మీద విడిగా పుస్తకమే రాశాడు. భక్తిని బతుకులోంచి విడదీయని ఆ చూపే మనకు కావలసింది.

ఆ చూపుతో కురుమూర్తి జాతరను చూడండి. దానికోసం వడ్డెమానులో దళితులు స్వామికి ఉద్దాలు, అంటే పాదరక్షలు, కుడతారు. వాటిని ఊరేగింపుగా కొండకు తెస్తారు. కులం దూరం పెట్టిన చేతులు చేసిన తోలుకు ఆ రోజు అందరూ దండం పెడతారు. దీన్ని మత్తనగలమా? మిగతా ఏడాదంతా ఆ చేతులకు అదే గౌరవం దక్కుతోందని కూడా అనలేం. ఊరట నిజం, గాయమూ నిజం. వానల్లేని ఏళ్లలో దేశమంతా తిరిగి ఆనకట్టలు కట్టిన పాలమూరు కూలీలకు ఆ జాతర ఏమిటో బయటివాళ్లు తూచలేరు.

ఇవాళ్టి సంగతి నాకు నచ్చడం లేదు. 2007లో భక్తి టీవీ, 2008లో టీటీడీ వారి ఎస్వీబీసీ వచ్చాక ఊరట ఇంట్లోకే రోజంతా అందుతోంది. ముసలివాళ్లకు, మంచం పట్టినవాళ్లకు అది మేలే. నాయకులు మాత్రం గుడికి నిధులు ప్రకటించడం తేలికని నేర్చుకున్నారు. హేతువాదులేమో భక్తుణ్ణి వెక్కిరించడంతో సరిపెడుతున్నారు. ఎక్కడ నొప్పి అని ఇద్దరూ అడగరు.

ఆ అడగని నొప్పి ఎలాంటిదో మా నదుల దగ్గరే చూడవచ్చు. శ్రీశైలం జలాశయం నిండేముందు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో తిరిగి కట్టారు. ఆ శ్రద్ధకు చేతులెత్తి మొక్కాలి. అదే నీళ్లలో ఇళ్లూ పొలాలూ పోయిన కుటుంబాలు 1986 నాటి 98వ జీవో చెప్పిన ఉద్యోగాల కోసం దశాబ్దాలు తిరిగాయి.