పాముల ప్రశ్న, కోర్టు సాక్ష్యం

మన దేశంలో డీఎన్ఏ సాక్ష్యం ఎక్కడ మొదలైందో చెప్పాలంటే హైదరాబాద్‌లోని హబ్సిగూడ, ఉప్పల్, నాచారం పేర్లు తలవక తప్పదు. ఆ కథలో ప్రధాన పాత్ర శాస్త్రవేత్త లాల్జీ సింగ్‌ది. ఉత్తరప్రదేశ్ జౌన్‌పూర్ జిల్లాలో 1947లో పుట్టిన ఆయన నేరస్థులను పట్టించాలని ఈ రంగంలోకి రాలేదు. బనారస్‌లో పీహెచ్‌డీకి ఆయన ఎంచుకున్నవి పాముల క్రోమోజోములు. ఆడా మగా తేడా ఎలా ఏర్పడుతుందన్నదే ఆయన్ను వదలని ప్రశ్న.

పాముల్లో డబ్ల్యూ క్రోమోజోము ఆడదానికే ఉంటుంది. 1970లలో ఎడిన్‌బరోలో పనిచేస్తూ, పట్టీల కట్లపాము డీఎన్ఏ నుంచి ఒక ముక్కను వేరుచేసి, అది ఆ క్రోమోజోములోనే దట్టంగా పేరుకుని ఉందని ఆయన బృందం చూపింది. ఆ ముక్క పేరు బీకేఎం. జీ-ఏ-టీ-ఏ అనే నాలుగక్షరాలు అందులో మళ్లీ మళ్లీ వస్తాయి. మనిషిలోనూ ఆ వరస ఉంది; ఎన్నిసార్లు వస్తుందన్నదే మనిషికీ మనిషికీ మారుతుంది.

1984లో బ్రిటన్‌లో అలెక్ జెఫ్రీస్ మనిషిని గుర్తుపట్టే డీఎన్ఏ వేలిముద్రల పద్ధతి కనుగొన్నారు. జీవశాస్త్రవేత్త పుష్ప మిత్ర భార్గవ హబ్సిగూడలో నిర్మించిన సీసీఎంబీ (సెంటర్ ఫర్ సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీ)కి లాల్జీ సింగ్ 1987లో వచ్చి, అదే పనికి తన బీకేఎం ముక్కను ప్రోబుగా, అంటే జాడ పట్టే సాధనంగా, వాడారు. ఇది అరువు తెచ్చుకున్న సాధనం కాదని గట్టిగా చెప్పుకోవాలి. డీఎన్ఏను ఎంజైములతో కోసి, జెల్‌లో పరిగెత్తించి, పొర మీదికి దించి, రేడియోధార్మిక ప్రోబు తగిలిస్తే ఎక్స్‌రే ఫిల్ము మీద నల్లటి గీతలు తేలతాయి. బిడ్డ గీతల్లో తల్లి నుంచి రానిది తండ్రిలో కనిపించాలి. కేరళలోని తలశ్శేరిలో నడిచిన పితృత్వ కేసులో ఆయన ఇచ్చిన ఈ సాక్ష్యాన్నే కోర్టు అంగీకరించింది. 1991లో కేరళ హైకోర్టూ సమర్థించింది.

కేసులు పెరిగాక వాటికి విడిగా ఒక సంస్థ కావలసి వచ్చింది. అలా 1990లలో సీడీఎఫ్‌డీ (సెంటర్ ఫర్ డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ అండ్ డయాగ్నొస్టిక్స్) ఏర్పడింది. నాచారంలో ఏళ్లపాటు నడిచి, నాంపల్లి మీదుగా ఇప్పుడు ఉప్పల్‌లో స్థిరపడింది. అక్కడ వంశపారంపర్య జబ్బుల నిర్ధారణ కూడా చేస్తారు. నా దృష్టిలో కోర్టు కేసులకన్నా ఎక్కువ ఇళ్లకు అక్కరకొచ్చే పని అదే.

లాల్జీ సింగ్ 1998 నుంచి 2009 వరకు సీసీఎంబీ డైరెక్టరు. 2009లో జన్యుశాస్త్రవేత్తలు తంగరాజ్, డేవిడ్ రైక్ తదితరులతో కలిసి భారతీయుల మూలాలపై నేచర్ పత్రికలో అచ్చువేసిన పరిశోధనలో తెలుగునాట వైశ్యులు, మాలలు, మాదిగలు, చెంచుల నమూనాలూ ఉన్నాయి. తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకున్న గుంపుల్లో కొన్ని జన్యులోపాలు ఎందుకు ఎక్కువో దానివల్ల తేటపడింది. ఉదాహరణకు, మత్తు ఇచ్చేటప్పుడు వాడే ఒక కండర సడలింపు మందు వైశ్యుల్లో కొందరి ఒంట్లో త్వరగా విచ్ఛిన్నం కాదు. ఆపరేషనుకు ముందే ఆ సంగతి తెలిస్తే డాక్టరు వేరే మందు ఎంచుకోవచ్చు.