తస్వీర్‌లో చెరిగిపోయిన నిషానీ

మొన్న ఈద్ నాడు మా భాంజీ ఖాందాన్ గ్రూప్‌లో తన తస్వీర్ పెట్టింది. చెహరా తళతళలాడుతోంది. గడ్డం మీద పుట్టుమచ్చ మాత్రం లేదు. అది మా అమ్మీ నిషానీ. ఇంతమంది మనవలూ మనవరాళ్ళలో ఆ ఒక్క పిల్లకే వచ్చింది.

"బేటీ, నానీ నిషానీ చెరిపేశావేం?" అని ఫోన్ చేసి అడిగాను.

"నేను చెరపలేదు మామూ, ఫిల్టర్ తనే తీసేసింది. అయినా నానీ ఫోటోలో వెనకున్న బాగ్, మహల్ అసలీయేనా?" అంది.

లాజవాబ్! మా అనకాపల్లి స్టూడియోలో తీయించుకున్న ఆ ఫోటోలో మహల్ రంగులేసిన తెర. అమ్మీ మెడలో హారం పక్కింటి ఖాలాది.

దిఖావా ఇవాళ పుట్టింది కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దర్బారులో ఫోటోలు తీసిన లాలా దీన్ దయాళ్ సంగతి చూడండి. నిజాం ఆయనకి 'ముసవ్విర్ జంగ్' అని ఖితాబ్ ఇచ్చాడు. 1892లో ఆయన హైదరాబాద్‌లో పర్దానషీన్ ఔరతుల కోసం జనానా స్టూడియో తెరిచాడు. చుట్టూ ఎత్తైన గోడలు, లోపల ఫోటోలు తీసేది ఒక ఇంగ్లీషు మహిళ. సింగారం, పోజు అప్పుడూ ఉన్నాయి. నెగెటివ్ మీద పెన్సిల్‌తో ముడతలు, మచ్చలు కప్పేయడం ఆ జమానా స్టూడియోల్లో మామూలు హునర్. ఫరక్ ఒక్కటే. ఆ తస్వీర్ ఎవరి నజర్‌కి చేరాలో ఇంటివాళ్ళు తేల్చుకునేవారు.

2010 అక్టోబరులో ఇన్‌స్టాగ్రామ్ ఫిల్టర్లతోనే వచ్చింది. 2013లో ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ వాళ్ళు 'సెల్ఫీ'ని ఆ ఏటి మాటగా ఎంచారు. ఇప్పుడు చూసేది దునియా అంతా, పైగా లైకుల హిసాబ్ కూడా. ఫ్రాన్స్‌లో 2017 నుంచి ఒక కానూన్ ఉంది. ప్రకటనల్లో మోడల్ ఒంటిని సన్నగానో లావుగానో మారిస్తే, ఫోటో సవరించామని రాయాలి. మన ఇళ్ళ గ్రూపులకి ఏ కానూన్ వస్తుంది?

మా ఊరి బెల్లం సంగతి కూడా ఇలాంటిదే. చెరకు రసం కాగేటప్పుడు బెండ మొక్క జిగురు వేసి మురికి తీయడం పాత పద్ధతి. తర్వాత హైడ్రోస్ అనే మందు వచ్చింది, ఎందుకంటే తెల్లగా ఉన్న దిమ్మకే మంచి ధర. ఆ రంగూ నిలవుంటే మళ్ళీ నల్లబడుతుంది. దీనికి రైతుని తిట్టి ఫాయిదా ఏముంది? నల్లబెల్లాన్ని పక్కకి నెట్టింది కొనేవాళ్ళ కళ్ళే.

ఈ లెక్కన నేనూ కొనేవాణ్ణే. కిందటి ఈద్‌కి ఆ పిల్ల మచ్చతో ఉన్న తస్వీర్ పెడితే మేమెవరం ఒక్క మాట అనలేదు. ఈసారి మాషాఅల్లాల బారిష్ కురిసింది. మొదటిది నాదే. మచ్చ లేదని నేను గమనించింది ఆ తర్వాత. నకిలీకి ఇనామ్ ఇచ్చి, అసలియత్ ఏదని పిల్లని నిలదీశాను. శరమ్ వేసింది.

మళ్ళీ ఫోన్ చేసి మాఫీ అడిగాను. ఆమె పాత తస్వీర్‌ని అమ్మీ ఫోటో పక్కన పెట్టి గ్రూప్‌లో వేయడానికి ఇజాజత్ ఇమ్మన్నాను. కాసేపు చుప్‌గా ఉంది.

"పెట్టండి మామూ. కానీ నానీ వెనకున్న మహల్ మాత్రం కత్తిరించకండి" అంది.