ఎవులు బావూ మాటాడేది?

ట్రంకు కాల్ రోజుల్లో ఫోను ఎత్తగానే ముందు వినిపించేది ఆపరేటరు గొంతు. "విశాపట్నం నుంచి ట్రంకు కాలండీ, మాటాడండి" అని చెప్పి, తీగ కలిపి తప్పుకునేవారు. ఎక్కణ్నుంచో ముందే తెలిసిపోయేది, ఒక్కోసారి ఎవరో కూడా. చిన్న ఊరి ఎక్స్ఛేంజిలో కూర్చున్న ఆపరేటరుకి ఊరు మొత్తం తెలుసు. డాక్టరుగారు ఇంట్లో లేరనీ, ఫలానా వారింటికి వెళ్లారనీ చెప్పి, అడక్కుండానే అక్కడికి కలిపేవారు. అసలు కాలర్ ఐడీ అంటే అదే. ఆ మనిషిని పక్కకి తప్పించి, ఆ పనిలో కొంత భాగాన్నైనా ఒక ప్లాస్టిక్ డబ్బా చేత చేయించడానికి ప్రపంచానికి దాదాపు వందేళ్లు పట్టింది.

మనిషిని తప్పించినవాడు ఆల్మన్ స్ట్రౌజర్. అమెరికాలోని కాన్సాస్ సిటీలో అంత్యక్రియలు జరిపించే వ్యాపారం ఆయనది. పోటీ వ్యాపారి భార్య ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా ఉండి, స్ట్రౌజర్‌కి రావలసిన కాల్స్‌ని తన మొగుడికి తిప్పేసేదని ఒక కథ ఉంది. అందులో నిజమెంతో గానీ, 1891లో ఆయన ఆపరేటరు అక్కరలేని ఎక్స్ఛేంజికి పేటెంటు తీసుకున్నాడు. మరుసటి ఏడు ఇండియానా రాష్ట్రంలోని లా పోర్ట్ ఊళ్లో అది పనిలోకి వచ్చింది.

ఆ యంత్రానికి పక్షపాతం లేదు, జ్ఞాపకమూ లేదు. డయల్ తిప్పిన అంకెను బట్టి ఒక సెలెక్టరు మెట్టు మెట్టుగా పైకెక్కి, పక్కకి తిరిగి, దారి కలిపేది. ఆ దారి ఎవరింటి దగ్గర మొదలైందో ఎక్కడా రాసుకునేది కాదు. పిలిచినవాడి మీటరు బిల్లు కోసం ఒక అంకె ముందుకి జరిగేది, అంతే. ఆకతాయి ఫోన్లు వస్తున్నాయని ఎవరైనా మొరపెట్టుకుంటే, కాల్ తెగకుండా పట్టి ఉంచి, సిబ్బంది వరసల మధ్య నడుస్తూ ఒక్కో సెలెక్టరునీ వెనక్కి వెతుక్కుంటూ పోవాలి. ఈలోగా ఆకతాయికి విసుగొచ్చి పెట్టేస్తే కథ మొదటికొచ్చేది.

మన దేశంలో నేరుగా డయల్ చేసే ఎస్టీడీ 1960లో కాన్పూర్, లక్నోల మధ్య మొదలైంది. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు చేరేసరికి చాలా కాలం పట్టింది. చేరాక ఆపరేటరు గొంతు మాయమైంది. ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా ఫోను ఎత్తినవాళ్ల మొదటి మాట ఒకటే అయింది: "ఎవులు బావూ మాటాడేది?" అవతలి నుంచి జవాబు, "నానే." ఆ నాను హైదరాబాదులో తాపీపనికి వెళ్లిన మేనల్లుడో, పోర్ట్‌బ్లెయిర్‌లో ఉన్న మరిదో, వేరావల్ రేవులో పడవ దిగిన కొడుకో పోల్చుకునేలోగా ఎస్టీడీ బూత్‌లో మీటరు పరిగెడుతూనే ఉండేది.

ఈ చిక్కుని విప్పిన ఘనత ఒక్కరిదే అని చెప్పడానికి లేదు. 1968లో ఏథెన్స్‌లో థియోడర్ పరస్కెవాకోస్ అనే గ్రీకు ఇంజినీరు, విమాన కంపెనీలకు సందేశాలు చేరవేసే సీటా సంస్థలో పనిచేస్తూ, పిలిచే ఫోను నంబరును అంకెలుగా మార్చి తీగ మీద పంపించి అవతల చూపించే ఆలోచన మొదలుపెట్టాడు. 1971లో అమెరికాలోని హంట్స్‌విల్‌లో, బోయింగ్ సంస్థలో ఉండగా పనిచేసే నమూనా చూపించాడు. 1973 నుంచి పేటెంట్లు వచ్చాయి. ఫోను కంపెనీలు మాత్రం కదల్లేదు. ఆయన అదే ఉపాయాన్ని కరెంటు మీటర్లను దూరం నుంచి చదవడానికి మళ్లించాడు. జపాన్‌లో, అప్పటికే ఫోనుకి బదులిచ్చే యంత్రంతో పేరు తెచ్చుకున్న కజువో హషిమోటో 1976లో నంబరు చూపించే నమూనా ఒకటి తయారుచేశాడు. బ్రెజిల్‌లో నేలియో నికోలాయ్ చేసిన పరికరం పేరు బీనా. అక్కడ జనం ఆ డబ్బాని ఇప్పటికీ బీనా అనే పిలుస్తారు. వాట్సాప్‌లో తిరిగే పోస్టుల్లో మాత్రం కాలర్ ఐడీని షిర్లీ జాక్సన్ కనిపెట్టారని ఉంటుంది. ఆవిడ బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన గొప్ప భౌతిక శాస్త్రవేత్త. ఆవిడ చేసిన పనే ఆవిడకి చాలు, చేయనిది అంటగట్టక్కర్లేదు.

అసలు మెలిక వేరే ఉంది. నంబరు తెలుసుకోవడం కంటే, ఫోను ఎత్తకముందే దాన్ని ఇంట్లోకి చేర్చడం కష్టం. రిసీవరు పెట్టేసి ఉన్న ఫోనుకి ఎక్స్ఛేంజి గంట కొట్టగలదు గానీ కబురు చెప్పడం ఎలా? బెల్ ల్యాబ్స్‌లో కరొలిన్ డౌటీ దీనికి దారి చూపించింది. ఆమె పేటెంటు దరఖాస్తు 1983 నాటిది, మంజూరైంది 1985లో. అమెరికాలో గంట రెండు సెకన్లు మోగి నాలుగు సెకన్లు ఊరుకుంటుంది. మొదటి గంటకీ రెండో గంటకీ మధ్య ఉన్న ఆ ఖాళీలో నంబరు, తేదీ, సమయం అన్నీ రెండు స్వరాల మధ్య మారే సంకేతంగా, సెకనుకి 1200 బిట్ల చొప్పున దూసుకెళ్తాయి. స్టేషన్లో రైలు ఆగిన అర నిమిషంలో కూలీలు పార్సిళ్లు దించేసినట్టన్నమాట. తొందరపడి మొదటి గంటకే ఎత్తేస్తే సామాను దిగదు, తెర ఖాళీగానే ఉంటుంది.

1980ల చివర్లో అమెరికాలోని న్యూజెర్సీలో ఈ సేవ మొదలవగానే పేచీ వచ్చింది. పిలిచినవాడి నంబరు వాడి అనుమతి లేకుండా చూపించడం రహస్యంగా ఫోను వినడం లాంటిదేనని పెన్సిల్వేనియాలో కొందరు కోర్టుకెక్కారు, 1990లో గెలిచారు కూడా. మొగుడి దెబ్బలకు పారిపోయి ఎక్కడో తలదాచుకున్న ఆడమనిషి ఇంటికి ఫోను చేస్తే ఆమె జాడ తెలిసిపోదా అన్నది వాళ్ల వాదనల్లో ఒకటి. కొట్టిపారేయలేని మాటే. చివరికి అక్కడ కోరుకున్నవాళ్లు తమ నంబరు దాచుకునే ఏర్పాటు వచ్చింది. మన దేశం రెండో వైపు మొగ్గింది. నంబరు దాచుకునే సౌకర్యం ఇక్కడ మామూలు చందాదారుకి ఇవ్వరు. తలుపు తట్టినవాడు ఎవరో తెలుసుకునే హక్కు ఇంటివాళ్లదే అన్న ఈ పద్ధతే నాకు సబబనిపిస్తుంది.

అయితే చూపించడానికి ముందు ఎక్స్ఛేంజికి జ్ఞాపకం ఉండాలి కదా. మన పల్లెలకు ఆ జ్ఞాపకం వచ్చింది ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్ వల్ల. 1984 ఆగస్టులో శామ్ పిట్రోడా చొరవతో మొదలైన ఆ సంస్థకి మూడేళ్ల గడువు, 36 కోట్ల రూపాయల బడ్జెట్టు ఇచ్చారు. వాళ్లు తయారుచేసిన 128 పోర్టుల గ్రామీణ ఎక్స్ఛేంజి 1986లో కర్ణాటకలోని కిత్తూరులో మొదట పనిచేసింది. ఏసీ గది అక్కర్లేకుండా ఎండనీ దుమ్మునీ తట్టుకునేలా దాన్ని రూపొందించారు. ఉప్పుగాలీ ఉక్కపోతా తప్పని మా తీరప్రాంతంలో ఇది మామూలు విషయం కాదు. ఆ ఎక్స్ఛేంజి కంప్యూటరే కాబట్టి ఎవరు ఎవరిని పిలుస్తున్నారో దానికి తెలుసు. అయినా దారిలో ఒక్క ఎక్స్ఛేంజి పాతకాలందైతే నంబరు అక్కడే ఆగిపోయేది. ఎక్స్ఛేంజికీ ఎక్స్ఛేంజికీ మధ్య సంకేతాలు కూడా మారాకే సోంపేటకి వచ్చిన బొంబాయి కాల్ తన నంబరుతో సహా దిగింది. 2000 అక్టోబరు 1న బీఎస్ఎన్ఎల్ ఏర్పడింది. దాని ఫోన్ ప్లస్ సేవల్లో నంబరు చూపించడమూ ఒకటి. దరఖాస్తు రాసిచ్చి పెట్టించుకున్న ఇళ్లలో నంబరు చూపించే 'సీఎల్ఐ ఫోను' టీవీ పక్కన చేరింది.

ఇక్కడే మన ఫోనుకీ అమెరికా ఫోనుకీ తేడా. బీఎస్ఎన్ఎల్ రాగితీగ లైన్ల మీద నంబరు సాధారణంగా మొదటి గంటకి ముందే వస్తుంది. అదీ బటన్ నొక్కితే వినిపించే స్వరాల్లోనే వస్తుంది. వాటిని డీటీఎంఎఫ్ అంటారు. అవి మొత్తం పదహారే. పది అంకెలు, నక్షత్రం, హ్యాష్, మన బటన్ల మీద కనిపించని మరో నాలుగు గుర్తులు. ఆ స్వరాల్లో నంబరు మాత్రమే ఇమిడింది, తేదీ రాదు. అందుకే కొత్తగా కొన్న ఫోనులో గడియారం మనమే పెట్టుకోవాలి. లేదంటే నిన్న రాత్రి వచ్చిన కాల్ జనవరి ఒకటిన వచ్చినట్టు చూపిస్తుంది. కొన్ని ప్రైవేటు కంపెనీల లైన్లు అమెరికా పద్ధతి పాటిస్తాయి. దాని పేరు ఎఫ్ఎస్‌కే. డబ్బా మీద రెండు పేర్లూ ఉన్న ఫోను కొంటే ఏ గొడవా లేదు.

ఈ ఫోను బిగించుకోవడంలో పెద్ద విద్యేమీ లేదు గానీ వరస ముఖ్యం. లైను తీసేసి ఉండగానే బ్యాటరీలు వేయండి. కరెంటు లేకపోయినా ఫోను మోగుతుంది కదా, బ్యాటరీలు ఎందుకని అడుగుతారు. మోగడానికీ మాట్లాడడానికీ ఎక్స్ఛేంజి పంపే 48 వోల్టులు చాలు. బ్యాటరీలు తెర కోసం, గడియారం కోసం. తర్వాత తేదీ, సమయం, ఆపైన ఏరియా కోడ్. శ్రీకాకుళమైతే 8942, విజయనగరమైతే 8922. 2022లో పార్వతీపురం వేరే జిల్లా అయినా 08963 అలాగే ఉంది. జిల్లాల గీతలు గీసినవాళ్లు ఎస్టీడీ కోడ్‌ల జోలికి పోలేదు. అడుగున టోన్, పల్స్ అని చిన్న మీట ఉంటే టోన్ వైపు పెట్టండి. బ్రాడ్‌బ్యాండ్ కూడా అదే రాగితీగ మీద వస్తుంటే మధ్యలో స్ప్లిటర్ తప్పనిసరి, లేకపోతే గరగర శబ్దంలో నంబరు సగమే కనిపిస్తుంది. ఒకే లైనుకి నాలుగు ఫోన్లు తగిలించినా అదే తంటా. సెల్ నంబరుకి తిరిగి చేసేటప్పుడు ముందు సున్నా పెట్టాలి. 2021 జనవరి 15 నుంచి అది నిబంధన.

పిడుగు గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. 2018 ఏప్రిల్ 24న పదమూడు గంటల్లో ఆంధ్రప్రదేశ్ మీద 36,749 పిడుగులు పడ్డాయని విపత్తు నిర్వహణ సంస్థ లెక్కకట్టింది. స్తంభాల మీదుగా కిలోమీటర్ల కొద్దీ వచ్చే తీగ పిడుగు దెబ్బని నేరుగా మన చెవి దాకా మోసుకొస్తుంది. ఉరుము వినబడితే రిసీవరు పట్టుకోకండి. మబ్బు పట్టగానే, ఉరుములు మొదలవకముందే ప్లగ్గు లాగేయండి. గంట మోగేటప్పుడు అదే తీగలో 75 వోల్టుల దాకా ఉంటుంది. ఊడిన తీగని తడిచేత్తో అతికించబోతే సరిగ్గా అప్పుడే ఎవరో ఒకరు ఫోను చేస్తారు.

ఇప్పుడు చాలా ఊళ్లలో రాగితీగ పోయి ఫైబరు వచ్చింది. పాత కాలర్ ఐడీ ఫోనునే మోడెం వెనక ఉన్న ఫోన్ పోర్టుకి తగిలించుకోవచ్చు. గోడలోని పాత రాగితీగ బయటి స్తంభానికి ఇంకా కలిసి ఉంటే మాత్రం దాన్ని ఆ పోర్టుకి కలపకండి, మోడెం కాలిపోవచ్చు. ఇంకో సంగతి. ఫైబరు ఫోనుకి ఇంట్లో కరెంటు కావాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి చెట్లతోపాటు కరెంటు స్తంభాలూ కూలి, కొన్ని ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. మోడెంకి చిన్న యూపీఎస్ పెట్టుకోవడం దుబారా కాదు.

ఇక తెర మీద కనిపించే నంబరు మాట. పాత ఆపరేటరు గొంతు గుర్తుపట్టి చెప్పేవారు. ఈ డబ్బా తనకి అందిన అంకెలు చూపిస్తుంది, నిజమో కాదో దానికి తెలియదు. ఇంటర్నెట్ ద్వారా విదేశాల నుంచి చేస్తూ ఇక్కడి నంబరు కనబడేలా మోసం చేయడం కుదిరే పనే. 2024 అక్టోబరులో కేంద్రం అలాంటి కాల్స్‌ని పట్టే ఏర్పాటు మొదలుపెడితే, మొదటి ఇరవైనాలుగు గంటల్లోనే 1.35 కోట్లు దొరికాయి. కాబట్టి పోలీసు స్టేషన్ నంబరు కనిపించినా, ఫోన్లోనే అరెస్టు చేశామని బెదిరించే 'డిజిటల్ అరెస్ట్' మాట వినబడగానే పెట్టేయండి. బ్యాంకు అన్నవాడికి "నేనే చేస్తాను" అని చెప్పి, పాసుపుస్తకం మీద ఉన్న నంబరుకి చేయండి. తెర మీద వచ్చినదానికి తిరిగి చేయొద్దు. తెలియని విదేశీ నంబరు ఒక్క గంట కొట్టి ఆగిపోతే దాని జోలికే పోవద్దు. విదేశాలకు చేసే ఐఎస్‌డీ సౌకర్యం అక్కరలేని ఇంట్లో దాన్ని మూయించేయడం ఉత్తమం. డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాలి. పాత ఫోను ఎవరికైనా ఇచ్చేముందు అందులోని నంబర్లన్నీ తుడిచేయండి.

తర్వాతి మెట్టు పేరు చూపించడం. 2024 ఫిబ్రవరిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ దీన్ని సిఫారసు చేసింది. కనెక్షన్ తీసుకున్నప్పటి దరఖాస్తులో ఉన్న పేరే తెర మీద కనబడుతుంది. పదహారు స్వరాల మన పాత డబ్బాకి పేరు చూపించే శక్తి లేదు, మనం చేస్తే అవతలివాళ్ల సెల్‌ఫోన్ మాత్రం మన పేరు చూపిస్తుంది. మన ఇళ్లలో ల్యాండ్‌లైన్ ఎవరి పేరు మీద ఉందో ఒకసారి బిల్లు తీసి చూడండి. ఎప్పుడో కాలం చేసిన తాతగారి పేరు మీదే ఉన్న ఇళ్లు నాకు తెలిసినవే చాలా ఉన్నాయి. మరణ ధ్రువీకరణ పత్రం, వారసుల ఒప్పుకోలు పట్టుకుని వినియోగదారుల సేవా కేంద్రానికి వెళ్తే పేరు మారుస్తారు. లేకపోతే హైదరాబాదులో ఉన్న మనవడికి తాతగారే ఫోను చేస్తారు.