ముసలితనానికి హద్దు గీసింది ఎవరు?



మన ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ బడి పంతులుగారు 62 ఏళ్లు నిండేదాకా పాఠం చెబుతారు. అదే ఊరిలో కూలిపని చేసుకునే పేదవాడికి 60 నిండితే వృద్ధాప్య పింఛను వస్తుంది. మగ్గం నేసేవారికి, కల్లు గీసేవారికి, చేపలు పట్టేవారికి 50కే పింఛను ఉంది. సరిహద్దు దాటి తెలంగాణకు వెళ్తే ఆసరా పింఛనుకు 57 అన్నారు. మరి మనిషి ఎప్పుడు ముసలివాడవుతాడు? ఇన్ని హద్దులు ఎవరు గీశారు, ఎందుకు గీశారు? ఈ వారం మనం ఈ సంగతి ఆలోచిద్దాం.

ముందుగా లేఖనములోకి వెళ్దాం. లేవీయకాండము 27వ అధ్యాయంలో, మ్రొక్కుబడి చేసుకున్నప్పుడు మనిషికి వెల నిర్ణయించే పద్ధతి ఉంది. 20 ఏళ్లు మొదలు 60 ఏళ్ల వరకు మగవానికి 50 తులముల వెండి, స్త్రీకి 30. అరవై దాటితే మగవానికి 15, స్త్రీకి 10. ఇది ఆత్మకు కట్టిన వెల కాదు. పని చేయగల సత్తువను బట్టి కట్టిన లెక్క అని చాలామంది వ్యాఖ్యాతలు చెబుతారు.

సంఖ్యాకాండము 8వ అధ్యాయంలో మరో హద్దు ఉంది. లేవీయుడు 25 ఏళ్లకు ప్రత్యక్ష గుడారపు సేవలో చేరాలి, 50కి ఆ పని మానాలి. అయితే దేవుడు అతన్ని ఇంటికి పొమ్మనలేదు. తన సహోదరులతో కలిసి కాపలా బాధ్యత చూసుకోవచ్చు అన్నాడు. మోత దించాడు గాని చోటు తీసేయలేదు.

క్రొత్త నిబంధనలో పౌలు తిమోతికి వ్రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయం చూడండి. సంఘం ఆదుకునే విధవరాండ్ర జాబితాలో చేరాలంటే 60 ఏళ్లకు తక్కువ ఉండకూడదు. వయసుతోపాటు ఆమె బ్రతుకును కూడా చూడమన్నాడు. పిల్లలను పెంచిందా, పరదేశులకు చోటిచ్చిందా, కష్టంలో ఉన్నవారికి సాయపడిందా అని. పిల్లలు, మనుమలు ఉన్నవారిని ముందు వారే చూసుకోవాలన్నాడు. సంఘం మీద భారం పెరిగిపోకుండా, నిజంగా దిక్కులేని తల్లికి సాయం అందాలన్నదే ఆ జాబితా ఉద్దేశం.

ఈ మూడు చోట్లా ఒక పోలిక ఉంది. వెల నిర్ణయించాలన్నా, పని పంచాలన్నా, సాయం పంచాలన్నా అంకె కావలసి వచ్చింది. ఉన్నది కొంత, అడిగేవారు ఎక్కువ అయినప్పుడు ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పదు. దేశాల చరిత్ర కూడా ఇదే చెబుతుంది.

జర్మనీలో బిస్మార్క్ ప్రధానిగా ఉండగా 1889లో కార్మికుల వృద్ధాప్య పింఛను చట్టం వచ్చింది. అందులో పెట్టిన వయసు 70. బిస్మార్క్ తన వయసును బట్టి 65 పెట్టాడని ఒక కథ ప్రచారంలో ఉంది. అది నిజం కాదు. అప్పటికి ఆయనకు 74 ఏళ్లు. హద్దు 65కు దిగింది 1916లో, ఆయన చనిపోయి చాలా ఏళ్లయ్యాక. ఆ చట్టంలోనే ఇంకో ద్వారం కూడా తెరిచారు. శరీరం చెడి పని చేయలేని కార్మికుడికి డెబ్బై నిండకపోయినా పింఛను ఇచ్చే ఏర్పాటు ఉంది. అంటే అంకె ఒక్కటే చాలదని ఆ చట్టం వ్రాసినవారికీ తెలుసు.

బ్రిటన్ 1908లో చట్టం చేసి, 1909 జనవరి 1 నుండి 70 దాటిన పేదవారికి వారానికి 5 షిల్లింగుల వరకు ఇచ్చింది. అప్పుడు ఐర్లాండ్ కూడా బ్రిటన్ పాలనలోనే ఉండేది. అక్కడ ఒక చిక్కు వచ్చింది. ఐర్లాండ్‌లో ప్రభుత్వం జననాలన్నిటినీ నమోదు చేయడం 1864లోనే మొదలైంది. డెబ్బై ఏళ్లవారు అంతకు ఎంతో ముందే పుట్టినవారు. వయసు ఎలా రుజువు చేసుకోవాలి? కొందరు పాత జనాభా లెక్కల్లో పేర్లు వెతికించుకున్నారు. మరికొందరికి జ్ఞాపకమే సాక్ష్యమైంది. 1839 జనవరి 6 రాత్రి ఆ దేశాన్ని అతలాకుతలం చేసిన పెనుగాలిని ఐర్లాండ్ ప్రజలు మరచిపోలేదు. ఆ రాత్రి నాకు గుర్తుంది అని చెప్పగలిగితే డెబ్బై నిండినట్టే అని వారు లెక్క చెప్పుకున్నారు.

ఇది మనకు కొత్త సంగతేమీ కాదు. దివిసీమ వైపు పెద్దవాళ్లను వయసు అడగండి. "ఉప్పెన వచ్చిననాటికి నా పెద్దోడు చంకలో ఉన్నాడు" అంటారు. ఆ ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చింది. ఆనాడు పన్నెండేళ్లున్న పిల్ల 2025లో అరవైకి చేరింది. దేశమంతటా జనన మరణాలు నమోదు చేయాలన్న చట్టం 1969లో వచ్చింది. ఈరోజు మన మధ్య ఉన్న ముసలివారంతా దానికి ముందు పుట్టినవారే. ఇంటి దగ్గర మంత్రసాని చేతిలో పుట్టినవారికి కాగితం ఎక్కడిది? ఆధార్ తీసేనాడు అడిగితే ఏదో ఒక సంవత్సరం చెప్పారు. అందుకే మన పెద్దల్లో ఎంతోమంది కార్డుల మీద పుట్టినతేదీ జనవరి 1 అని ఉంటుంది.

మన దేశంలో కేంద్రం 1995 ఆగస్టు 15న వృద్ధాప్య పింఛను మొదలుపెట్టినప్పుడు వయసు 65, నెలకు 75 రూపాయలు. 2011లో వయసును 60కి తగ్గించారు. మన రాష్ట్రంలో 2019లో 65 నుండి 60కి దిగింది. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం కూడా 60 అనే అంటుంది. ఒక ఉత్తర్వుతో నిన్న ముసలి కానివాడు ఇవాళ ముసలివాడయ్యాడు. అతని మోకాళ్లకు మాత్రం ఆ సంగతి తెలియదు.

మా సంఘంలో ఒక తల్లి ఉంది. ఎనిమిదేళ్ల వయసు నుండి నాట్లు వేసింది, కలుపు తీసింది. నడుము వంగిపోయింది. మేస్త్రీలు పిలవడం మానేశారు. కార్డు మీద ఆమె వయసు 56. పొలానికి ముసలిది, కాగితానికి కాదు. ఇటువంటివారు ఏ పల్లెలోనైనా ఉన్నారు.

లేఖనములో వృద్ధులు కూడా ఒక్కలా లేరు. 85 ఏళ్ల కాలేబు యెహోషువ దగ్గరకు వచ్చి, ఇంకా యుద్ధం చేయగలను, ఆ కొండసీమ నాకివ్వు అన్నాడు. 80 ఏళ్ల బర్జిల్లయి మాత్రం దావీదు యెరూషలేముకు రమ్మంటే, తిండి రుచి తెలియడం లేదు, పాటలు వినబడడం లేదు, నా ఊళ్లోనే కన్ను మూయనివ్వు అన్నాడు. దేవుని వాక్యం ఒకరిని పొగిడి ఒకరిని తక్కువ చేయలేదు. కాలేబుకు కొండ దొరికింది. బర్జిల్లయికి రాజు ముద్దుపెట్టి దీవెన ఇచ్చి పంపాడు.

ఇప్పుడు అసలు మాటకు వద్దాం. లేవీయకాండము 19వ అధ్యాయంలో వృద్ధులను గౌరవించమనే ఆజ్ఞ ఉంది. అక్కడ అంకె లేదు. నెరసిన తల ఎదుట లేచి నిలబడమన్నాడు దేవుడు. ఆ ఆజ్ఞను తన భయముతో ముడిపెట్టాడు. వయసు ఎంత అని అడిగాక లేవమనలేదు. పంచేటప్పుడు గీత కావాలి, గౌరవించడానికి గీత అక్కర్లేదు. ప్రభుత్వం గీత గీయడం తప్పు కాదు, దానికి లెక్కలుంటాయి. కాని ఆ గీత మన ఇంటి గడపలోకి, గుడి గడపలోకి రాకూడదు.

కాబట్టి ప్రియులారా, మూడు పనులు చేద్దాం. శిశు ప్రతిష్ఠ చేసిననాడే బిడ్డ పుట్టినతేదీ సంఘ పుస్తకంలో సరిగా వ్రాయిద్దాం, రేపు ఆ బిడ్డ ముసలివాడయ్యాక తడుముకోకుండా. కాగితం ప్రకారం అరవై రాకపోయినా పని చేయలేని వారి పేర్లు సంఘ పెద్దలకు చెబుదాం, కానుకల్లో వారి పాలు వేరుగా ఉంచుదాం. దూరాన ఉన్న బిడ్డలారా, మీ అమ్మకు పింఛను వస్తోంది కదా అని మీరు పంపే డబ్బు ఆపకండి. పౌలు ఆ భారం ముందుగా పెట్టింది పిల్లల మీదే.

వృద్ధాప్యమందు మనలను విడువని దేవుడు, మన మధ్య ఉన్న వృద్ధులను విడువని మనసు మనకు దయచేయును గాక. ఆమేన్.