ఆగిన కారులో ఆగని ఇంజను

ఆవిరియంత్రమునకును పెట్రోలు ఇంజనుకును ఒక ముఖ్యమైన భేదము కలదు. ఆవిరియంత్రము పూర్తిగా ఆగియున్న స్థితినుండియే బలము చూపగలదు. బాయిలరులో ఆవిరి సిద్ధముగా ఉండును గనుక, కవాటము తెరచినంతనే అది పిస్టనును నెట్టును. పెట్రోలు ఇంజనుకు ఈ సామర్థ్యము లేదు. దాని నాలుగు ఘట్టములలో ఒక్కదానియందే బలము పుట్టును. మిశ్రమమును పీల్చుట, దానిని నొక్కుట, కాలిన వాయువులను వెడలగొట్టుట అను తక్కిన మూడును అంతకుముందు పుట్టిన బలముతోనే జరుగవలెను. ఆ బలమును గతిపాలకచక్రము దాచియుంచి అందించుచుండును. కావున ఇంజను ఒకసారి ఆగినచో, బయటినుండి త్రిప్పిననే గాని మరల కదలదు.

అందుచేతనే కారు కూడలివద్ద నిలిచినను ఇంజను మెల్లగా తిరుగుచునే ఉండవలసి వచ్చినది. ఈ నెమ్మది పరుగునే ఐడ్లింగు అందురు. ఇందులో బండి ముందుకు కదలదు; పెట్రోలు మాత్రము ఖర్చగును. ఏ ప్రయాణమునకును పనికిరాని ఈ పరుగును అదుపులో పెట్టుటకు ఇంజనీర్లు నూరు సంవత్సరములకు పైగా శ్రమించిరి. ఆ చరిత్రలో భౌతికశాస్త్రము, రసాయనశాస్త్రము, కడకు చట్టము కూడ చోటుచేసికొన్నవి.

ఒకే వేగపు ఇంజనులు

జర్మనీలో నికొలాస్ ఆటో 1876లో నిర్మించిన నాలుగు ఘట్టముల ఇంజను నిమిషమునకు సుమారు 180 సార్లు మాత్రమే తిరిగెడిది. అది కార్ఖానాలలో ఒకచోట నిలిపి వాడిన యంత్రము. దానికి ఒకే వేగము చాలును. అట్టి యంత్రముల వేగమును నిలుపుటకు గవర్నరు అను సాధనము అప్పటికే కలదు. దానిని జేమ్స్ వాట్ 1788లో తన ఆవిరియంత్రమునకు అమర్చెను. వేగము పెరిగినచో అందలి గుండ్లు వెలుపలికి జరిగి ఆవిరిని తగ్గించును. వేగము తగ్గినచో గుండ్లు దిగి ఆవిరిని పెంచును.

డైమ్లరు, మైబాక్ అనువారు 1885లో తయారుచేసిన చిన్న ఇంజను నిమిషమునకు 600 సార్లు తిరిగినది. మరుసటి సంవత్సరము జనవరి 29న కార్ల్ బెంజ్ తన మూడుచక్రముల బండికి పేటెంటు కోరెను. ఈ తొలి ఇంజనులలో గాలిని పెట్రోలుపై నడిపించి, దాని ఆవిరితో కలిపెడివారు. వాతావరణము వేడెక్కినను, చల్లబడినను మిశ్రమము మారిపోయెడిది. ఇట్టి ఇంజనును మెల్లగా, నిలకడగా తిరుగుమనుట వృథా.

1893లో ఒక మార్గము దొరకినది. బుడాపెస్టులో బాంకి, చొంకా అనువారును, జర్మనీలో మైబాకును పెట్రోలును సన్నని జెట్టునుండి తుంపరగా చిమ్మించు కార్బ్యురేటరును రూపొందించిరి. గొట్టము ఇరుకైన చోట గాలి వేగము పెరుగును. వేగము పెరిగినచోట పీడనము తగ్గును. ఆ తగ్గుదల పెట్రోలును జెట్టునుండి పైకి లాగును. అత్తరు చిమ్ము బుడ్డి పనిచేయునదియు ఈ సూత్రముమీదనే.

మైబాక్ రూపకల్పన చేసిన 1901 నాటి మెర్సిడెస్ కారులో డ్రైవరు ఒక మీటతో ఇంజను వేగమును నిమిషమునకు 300 నుండి 1000 భ్రమణముల వరకు మార్చగలిగెను. వేగము డ్రైవరు చేతిలోనికి వచ్చినది. దానితోపాటు క్రొత్త ప్రశ్నయు వచ్చినది: ఇంజను ఎంత మెల్లగా తిరిగియు ఆగకుండ ఉండగలదు?

రెండు చిక్కులు

ఐడ్లింగులో థ్రాటిల్ అను రేకు దాదాపు మూసికొనియుండును. అప్పుడు ఇరుకు గొట్టములో గాలి అతిమెల్లగా పోవును గనుక ప్రధానమైన జెట్టునుండి పెట్రోలు రాదు. ఇది మొదటి చిక్కు. ఐతే థ్రాటిల్‌కు ఇంజను వైపున పీడనము మిక్కిలి తక్కువ. మంచి స్థితిలోనున్న ఇంజనులో అది బయటి గాలి పీడనముకంటె 45 నుండి 50 సెంటీమీటర్ల పాదరసము మేరకు తక్కువగా ఉండును. ఈ శూన్యమునే ఇంజనీర్లు వాడుకొనిరి. ఒక సన్నని దారిని వేరుగా తొలిచి, దాని రంధ్రమును థ్రాటిల్ అంచునకు దిగువన తెరచిరి. నెమ్మది పరుగుకు కావలసిన పెట్రోలు ఆ దారినే వచ్చును. ఫ్రాన్సులో పుట్టిన సోలెక్స్ వంటి కార్బ్యురేటర్లలో ఈ పద్ధతి స్థిరపడినది. ఇంగ్లండులో స్కిన్నరు సోదరుల ఎస్.యు. కార్బ్యురేటరు వేరుదారి త్రొక్కినది. అందలి ముషలకము గాలి ప్రవాహమునుబట్టి లేచి దిగుచు, ఇరుకును తానే మార్చుకొనును గనుక దానికి వేరు జెట్టు అక్కరలేకపోయెను.

రెండవ చిక్కు సిలిండరు లోపల కలదు. లోనికి వచ్చు మిశ్రమపు పీడనము తక్కువైనందున, వెనుకటి ఘట్టములో కాలిన వాయువులు కొంత మిగిలిపోయి క్రొత్త మిశ్రమమును పలుచన చేయును. అట్టి మిశ్రమము సరిగా అంటుకొనదు. ఒక పాలు పెట్రోలు పూర్తిగా కాలుటకు బరువున సుమారు 14.7 పాళ్ల గాలి చాలును. ఐడ్లింగులో మాత్రము 12 పాళ్ల గాలికే ఒక పాలు పెట్రోలు ఇచ్చి, మిశ్రమమును చిక్కన చేయవలసివచ్చెను. గాలి చాలనందున కర్బనము పూర్తిగా కాలక కార్బన్ మోనాక్సైడు పుట్టును. ఈ రెండవ చిక్కు ఫలితము పెక్కేండ్ల తరువాత గాని లోకమునకు తెలియలేదు.

మరలు, మెకానిక్కు చెవి

కార్బ్యురేటరుపై రెండు మరలు ఏర్పడినవి. ఒకటి థ్రాటిల్ పూర్తిగా మూసికొనకుండ ఆపును. అది వేగపు మర. రెండవది సన్నని దారిలోని మిశ్రమమును దిద్దును. మెకానిక్కు ఇంజనును బాగుగా వేడెక్కనిచ్చి, మొదట వేగపు మరను సరిచేయును. తరువాత మిశ్రమపు మరను లోనికి త్రిప్పుచు పోగా ఇంజను తడబడును. వెలుపలికి త్రిప్పగా వేగము పెరిగి, ఒక హద్దు దాటిన పిమ్మట మరల తగ్గును. ఆ రెంటి నడుమ వేగము గరిష్ఠమైన స్థానమున మరను నిలుపును. వేగము హెచ్చైనచో మొదటి మరతో తగ్గించి, రెండవదానిని మరల పరీక్షించును. ఇంజనును బట్టి నిమిషమునకు 600 నుండి 900 వరకు ఐడ్లింగు వేగము ఉండును. గణితములో గరిష్ఠ విలువను వెదకు విద్యార్థి కాగితముపై చేయు పనినే మెకానిక్కు చెవితో చేసెను.

ఐతే మరలు ప్రతి రోగమునకును మందు కావు. స్పార్కు సమయము తప్పినను, వాల్వుల ఎడము చెడినను, కార్బ్యురేటరు అడుగునున్న ప్యాకింగు పగిలి దొంగదారిని గాలి చొరబడినను ఇంజను వణకును. మిశ్రమపు మరను ఎంత త్రిప్పినను మార్పు కనబడనిచో ఐడ్లింగు జెట్టులో నలక చేరియుండవచ్చును. లేదా వేగపు మరను మితిమీరి బిగించుటచే థ్రాటిల్ ఎక్కువ తెరచుకొని, పెట్రోలు వేరు రంధ్రములగుండ వచ్చుచుండవచ్చును. తెలియనివాడు వణకు మాపుటకు వేగము పెంచును. శబ్దము కుదుటపడును, దోషము అట్లే ఉండి పెట్రోలును త్రాగుచుండును. అందుచేత అనుభవజ్ఞుడు తక్కినవన్నియు చూచిన పిమ్మటనే మరపై చేయి వేయును.

చెవికి ఇంపు, ఊపిరికి ముప్పు

లాస్ ఏంజెలిస్ నగరమును కప్పుచుండిన పొగమంచు రహస్యమును 1950 ప్రాంతములలో హాగెన్-స్మిట్ అను రసాయనశాస్త్రజ్ఞుడు విప్పెను. కార్లనుండియు నూనె శుద్ధి కర్మాగారములనుండియు వెలువడు కాలని ఇంధనపు ఆవిరులు, నత్రజని ఆక్సైడులు సూర్యరశ్మిలో చర్యపొంది ఆ కంటిమంటను పుట్టించుచున్నవని ఆయన చూపెను. ఆగియున్న కార్ల బారులలో కార్బన్ మోనాక్సైడు ప్రమాదమును చర్చకు వచ్చినది. అది రక్తములోని హిమోగ్లోబినుతో ఆమ్లజనికంటె ఎన్నో రెట్లు గట్టిగా కలియును గదా.

అప్పుడు ఒక వాస్తవము తేటపడినది. ఇంజను మిక్కిలి నిండుగా, ఇంపుగా పలుకు స్థానమును, దాని పొగ తక్కువ విషముగానుండు స్థానమును ఒకటి కావు. మొదటిది కొంచెము చిక్కని మిశ్రమమువైపు ఉండును. కావున చెవి చాలదు, కొలత కావలెను. అమెరికాలో 1970 దశకమునందు మిశ్రమపు మరలు ఇచ్చవచ్చినట్లు త్రిప్పుటకు వీలులేకుండ వానికి మూతలు బిగించిరి. భారతదేశములో మోటారు వాహనముల పొగపై తొలి పరిమితులు 1989లో వచ్చినవి. అవి ఐడ్లింగు పొగపైననే. పెట్రోలు కార్ల ఐడ్లింగు పొగలో కార్బన్ మోనాక్సైడు ఘనపరిమాణమున 3 శాతమునకును, రెండు, మూడుచక్రముల బండ్లలో 4.5 శాతమునకును మించరాదని నిర్ణయించిరి. అంతవరకు మెకానిక్కు ఇష్టమునకు వదలిన మర ఈ విధముగా చట్టపు పరిధిలోనికి వచ్చినది.

వాట్ సూత్రము మరల

1967లో బాష్ సంస్థవారి ఎలక్ట్రానిక్ ఇంధన పద్ధతి వోక్స్‌వాగన్ 1600 కారులో వచ్చినది. 1976లో వోల్వో కారులో పొగలోని ఆమ్లజనిని కొలిచి మిశ్రమమును దిద్దు సాధనము చేరినది. భారతదేశములో 2000 నుండి పొగ నియమములు బిగిసినకొలది క్రొత్త కార్లలో కార్బ్యురేటరు మాయమైనది. 2020 ఏప్రిల్‌లో భారత్ స్టేజ్ 6 నియమములు అమలుకాగా మోటారు సైకిళ్లును చాలవరకు ఆ దారినే పట్టినవి.

ఇప్పటి కారులో కంప్యూటరు ఇంజను వేగమును క్షణక్షణము కొలుచును. ఏర్ కండిషనరు వేయగా వేగము తగ్గబోయినచో గాలిదారిని ఒకింత తెరచును, పెరిగినచో మూయును. ఇది వాట్ గవర్నరు చేసిన పనియే. దిద్దుబాటు ఆలస్యమైనను, అతిగా జరిగినను వేగము ఊయలవలె పెరుగుచు తరుగుచు ఉండును. ఇట్టి ఊగిసలాటను మాక్స్‌వెల్ 1868లోనే గవర్నర్లపై వ్రాసిన పత్రములో గణితముచే విచారించెను. నేటి మెకానిక్కు మరను వెదకడు. థ్రాటిల్‌పై పేరుకొన్న మసిని తుడుచును, గాలి చొరబడు చోటును పట్టుకొనును.

1997లో జపానులో అమ్మకమునకు వచ్చిన టయోటా ప్రియస్ కారు మరియొక అడుగు వేసినది. బండి ఆగినప్పుడు అందలి ఇంజనును ఆపివేయవచ్చును. మరల కదలుటకు విద్యున్మోటారు కలదు. ఆవిరియంత్రమువలెనే విద్యున్మోటారు నిలిచియున్న స్థితినుండి బలము చూపగలదు. దానితో కలిసి పనిచేయు ఇంజను ఊరక తిరుగవలసిన పనియే తగ్గిపోయినది. ఐనను మన రోడ్లపై ఇంజనుతో నడచు బండ్లు కోట్లకొలదిగా ఉన్నవి. కూడలివద్ద కొన్ని నిమిషములు ఆగవలసినచో తాళము త్రిప్పి ఇంజనును ఆపుట, ఏ మరను త్రిప్పకుండగనే ఐడ్లింగు పొగను లేకుండ చేయు ఉపాయము.