రెండో మనిషి లెక్క: నెలకి 25 డాలర్లు

అమెరికాలో ఎమ్మెస్సో పీహెచ్‌డీయో చేస్తున్న మనవాళ్ళు పెళ్ళి చేసుకోగానే వేసే లెక్క ఒకటుంది. యూనివర్సిటీ వాళ్ళ ఫ్యామిలీ హౌసింగా, బయట సింగిల్ బెడ్‌రూమా, ఇంకో జంటతో కలిసి డబుల్ బెడ్‌రూమా? మిత్రుల కోసం నేనూ ఇలాంటి ఎక్సెల్ షీట్లు చాలానే చూసిపెట్టాను. అద్దె, కరెంటు, ఇంటర్నెట్, బస్సు... ఇవే వరుసలు.

ఇంతకీ పెళ్ళైన విద్యార్థికి యూనివర్సిటీ ఇల్లెందుకివ్వాలి? రెండో ప్రపంచ యుద్ధానికి ముందు అక్కడ కాలేజీ విద్యార్థి అంటే దాదాపు బ్రహ్మచారే. 1944 జూన్ 22న రూజ్‌వెల్ట్ 'జీఐ బిల్' మీద సంతకం పెట్టడంతో కథ మారింది. సైన్యం నుంచి వచ్చినవాళ్ళు చదువుకుంటే ఏడాదికి 500 డాలర్ల దాకా ఫీజు, పైగా నెలనెలా భత్యం. ఒంటరివాళ్ళకి 50 డాలర్లు, మీద ఆధారపడ్డవాళ్ళుంటే 75. 1945 చివర్లో అవి 65, 90 అయ్యాయి. అంటే సర్కారు లెక్కలో రెండో మనిషి ఖరీదు నెలకి 25 డాలర్లన్నమాట!

1947 నాటికి కాలేజీ విద్యార్థుల్లో దాదాపు సగంమంది మాజీ సైనికులే. చాలామందికి పెళ్ళాం పిల్లలున్నారు, ఇళ్ళు లేవు. ఎమ్ఐటీ 1946లో వెస్ట్‌గేట్ పేరుతో 100 చిన్న ఇళ్ళు కట్టింది. స్టాన్‌ఫోర్డ్ అయితే మెన్లో పార్కులోని డిబుల్ సైనిక ఆసుపత్రినే తీసుకుని విద్యార్థుల నివాసంగా మార్చింది. విస్కాన్సిన్ వాళ్ళ బాడ్జర్ విలేజ్ మాడిసన్‌కి సుమారు 35 మైళ్ళు. రానూ పోనూ 70. మరి ఆ ప్రయాణం ఏ వరుసలో రాయాలి?

90 డాలర్లతో సంసారం నడవక చాలామంది భార్యలు ఉద్యోగాలకెళ్ళారు. 'పుటింగ్ హబ్బీ త్రూ', అంటే మొగుణ్ణి గట్టెక్కించినందుకు, కొన్నిచోట్ల వాళ్ళకి సరదా పట్టాలు కూడా ఇచ్చారు. పట్టా సరదాదే గానీ ఆ జీతం మాత్రం సరదా కాదు. ఆ ఇళ్ళలో బతుకు నడిచింది దాని మీదే.

మనవాళ్ళ లెక్క తేడా కొట్టేది ఇక్కడే. ఎఫ్-2 మీద వెళ్ళినవాళ్ళు ఉద్యోగం చేయకూడదు. 2015 మే దాకా డిగ్రీ కోసం చదవడానిక్కూడా వీల్లేదు. అప్పట్నుంచి పార్ట్‌టైమ్ చదువు ఒప్పుకున్నారు. పూర్తిగా చదవాలంటే ఎఫ్-1కి మారాలి, ఇంకో ఫీజు కట్టాలి. ఇక్కడ ఇంజినీరింగ్ చేసి, ఉద్యోగం మానేసి వెళ్ళే అమ్మాయిలు బోలెడుమంది. ఆ పోయిన జీతం ఏ షీట్లోనూ కనపడదు, అద్దెలో మిగిలే వంద డాలర్లు మాత్రం ఎర్రరంగులో మెరుస్తుంటాయి.

అందుకే నా మటుకు నేను చెప్పేది ఒకటే. కారూ, లైసెన్సూ, ఉద్యోగమూ లేని మనిషికి ఊరి చివర చవక అపార్ట్‌మెంట్ చవక కాదు. లైబ్రరీకి నడిచి వెళ్ళగలిగే ఇల్లు, అదే పరిస్థితిలో ఉన్న నలుగురు ఇరుగుపొరుగు, పక్కనే బస్సు ఉంటే కొంచెం ఎక్కువిచ్చినా నష్టం లేదు. ముందు రెండో మనిషి రోజంతా ఏం చేస్తారో రాసుకోండి, అద్దె సంగతి ఆ తర్వాత చూడొచ్చు.