హైబ్రిడ్‌ కారు మొరాయిస్తే తోయకండి
ముందు చిన్న బ్యాటరీని చూడండి.. నారింజ తీగల జోలికి వెళ్లొద్దు

పండుగకు వచ్చి వారాల తరబడి ఇంటి ముందు నిలిపి ఉంచిన కారు. తీరా ప్రయాణ సమయానికి బటన్‌ నొక్కితే చలనం లేదు. నలుగురూ చేరి ‘తోద్దాం పట్టండి’ అంటారు. పాత కార్లకు అచ్చొచ్చిన ఈ ఉపాయం హైబ్రిడ్‌కు పనికిరాదు. క్లచ్‌ పెడల్‌ ఉండదు కనుక ఊరి పొలిమేర దాకా తోసినా ఇంజిన్‌ అందుకోదు.

ఇన్నోవా హైక్రాస్‌, హైరైడర్‌, గ్రాండ్‌ విటారా, హోండా సిటీల హైబ్రిడ్‌ రకాలు 2022లో విపణిలోకి వచ్చాయి. పెట్రోలు ఇంజినుతో పాటు విద్యుత్‌ మోటారుతోనూ నడిచే ఇటువంటి కార్ల గురించే ఈ వివరాలు. క్లచ్‌, గేర్లతో నడిచే ‘స్మార్ట్‌ హైబ్రిడ్‌’ల సంగతి వేరు.

అసలు దోషి ఎవరు?

కారు కదలదనగానే లక్షలు ఖరీదు చేసే పెద్ద బ్యాటరీ పోయిందని యజమానులు బెంబేలెత్తుతుంటారు. చాలా సందర్భాల్లో ఆ భయం అక్కర్లేదు. ఈ కార్లలోనూ మామూలు 12 వోల్టుల బ్యాటరీ ఒకటి ఉంటుంది. బటన్‌ నొక్కగానే కంప్యూటర్లను మేల్కొలిపేది అదే. అవి మేల్కొన్నాకే రిలేలు కలిసి పెద్ద బ్యాటరీ నుంచి విద్యుత్‌ ప్రవహిస్తుంది. చిన్నది నీరసిస్తే పెద్దది నిండుగా ఉన్నా నిష్ప్రయోజనమే. డ్యాష్‌బోర్డు దీపాలు మసకబారడం, టకటక శబ్దం రావడం, తలుపులు రిమోట్‌కు స్పందించకపోవడం దీని ఆనవాళ్లు.

అంతకంటే ముందు చూడవలసినవి మరికొన్ని ఉన్నాయి. గేరు ‘పి’లో ఉందా? బ్రేకు గట్టిగా తొక్కి బటన్‌ నొక్కారా? ‘రెడీ’ దీపం వెలిగితే కారు సిద్ధమైనట్టే. ఇంజిన్‌ శబ్దం వినిపించలేదని కంగారుపడి మళ్లీ ఆపేసేవారూ లేకపోలేదు! తాళంలోని బిళ్ల బ్యాటరీ అయిపోతే, చాలా మోడళ్లలో తాళాన్ని బటన్‌కు ఆనించి బ్రేకు తొక్కి నొక్కితే పనిచేస్తుంది. పెట్రోలు ఉందో లేదో కూడా చూసుకోవాలి.

తీగలు కలిపేటప్పుడు..

వేరే కారు నుంచి విద్యుత్‌ అందించవచ్చు. మొదట ఆగిన కారు ప్లస్‌ను, సాయం చేసే కారు ప్లస్‌ను కలపాలి. తర్వాత సాయం చేసే కారు మైనస్‌కు ఒక కొస తగిలించి, రెండో కొసను ఆగిన కారులో రంగు లేని ఇనుప భాగానికి బిగించాలి. ప్లస్‌, మైనస్‌లు తారుమారైతే ఖరీదైన ఎలక్ట్రానిక్‌ భాగాలు కాలిపోతాయి. ఐదు నిమిషాల తర్వాత స్టార్ట్‌ చేసి, ‘రెడీ’ వచ్చాక తగిలించిన వరుసకు వ్యతిరేకంగా తీగలు తీయాలి.

బ్యాటరీ ఎక్కడుందో పుస్తకం చూసి తెలుసుకోవాలి. 2010లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన ప్రియస్‌లో అది డిక్కీలో ఉంటుంది. బ్యాటరీ పడిపోతే ఆ డిక్కీ తలుపే తెరుచుకోదు. అందుకే బానెట్‌ కింద ఫ్యూజుల పెట్టెలో ప్లస్‌ కొస ఇచ్చారు.

ప్రాణాలకే ముప్పు

నారింజ రంగు తీగల్లో ఉండేది వంద వోల్టులకు మించిన విద్యుత్‌. కొన్ని కార్లలో రెండు వందలూ దాటుతుంది. శిక్షణ లేని మెకానిక్‌ చేత వాటిని విప్పించరాదు. హైబ్రిడ్‌ వ్యవస్థను తనిఖీ చేయమనే హెచ్చరిక తెరపై కనిపిస్తే, తీగలు కలిపే ప్రయత్నం మాని సర్వీసు కేంద్రానికి కబురు చేయాలి. ముందు చక్రాలు నేలపై ఉండగా లాక్కెళ్లవద్దు, లారీపైకి ఎక్కించి తరలించాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడ కాలనీలను ముంచెత్తింది. అలా నీట మునిగిన హైబ్రిడ్‌ను ఆరింది కదా అని స్టార్ట్‌ చేయబోవడం ప్రమాదకరం.

కారును కొన్నాళ్లు వాడరనుకుంటే వారానికోసారి ‘రెడీ’లో ఉంచి గంటసేపు వదిలితే చిన్న బ్యాటరీ తిరిగి నిండుతుంది. మూసిన షెడ్డులో మాత్రం ఈ పని చేయవద్దు. మధ్యలో ఇంజిన్‌ దానంతటదే నడిచి విషవాయువు వదులుతుంది.